సమస్యాపూరణం: “కడలి చెంత నుండి కడలిఁ గనము”

నిర్వాహకుడు:

ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ముందున్న మూడు పాదాలను సభ్యులు పూరించాలి.

కడలి చెంత నుండి కడలిఁ గనము

సందర్భం పుదుచ్చేరిది. కాలువకు తూర్పున ఉన్న ఫ్రెంచి వాడలో పాత ఇళ్లను బాగుచేసి హోటళ్లుగా మార్చినవి చాలా ఉన్నాయి. గదులు పట్టుమని పది ఉంటాయి, అద్దె మాత్రం పెద్ద నక్షత్రాల హోటలుకు తీసిపోదు. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి 18 శాతం జీఎస్టీ కూడా తోడవుతుంది. అలాంటి చోట బస చేసి వచ్చిన సభ్యులు కొందరు తమ అనుభవాలను ఇక్కడ పంచుకున్నప్పుడు అందరి మాటల్లోనూ ఒకే ఆశ్చర్యం కనిపించింది. సముద్రం రెండు నిమిషాల నడకలో ఉందన్న ప్రకటన అబద్ధం కాదు, అయినా గదిలో ఎటు తిరిగినా సముద్రం కనబడలేదు. సమస్య అక్కడే పుట్టింది.

పూరణలో ఊహకు అడ్డు లేదు కాని, ఊరి స్వరూపానికి విరుద్ధంగా వ్రాస్తే ఒప్పుకోము. పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరం కలవడం యతి; దానికి బదులు వాటి తరువాతి అక్షరాలు కలిసే ప్రాసయతిని వాడుకోవచ్చు.

డాలస్ సభ్యులు:

చేతి ఫోను లోన సెల్ఫీలు దిగువేళఁ
దెరయె లోక మగును, తీర మేల?
వీపు వెనుకఁ గడలి వేచి యుండిన గాని
కడలి చెంత నుండి కడలిఁ గనము.

నిర్వాహకుడు: ధార చక్కగా ఉంది. సెల్ఫీ దిగేవాడికి సముద్రం ఎప్పుడూ వీపు వెనుకే ఉంటుందన్న చమత్కారం మూడవ పాదంలో బాగా పండింది. అయితే ఈ పద్యాన్ని రామకృష్ణా బీచికి తీసుకుపోయినా, గోవాకు తీసుకుపోయినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. హోటలు ఎక్కడుంది, అతిథి ఎక్కడున్నాడు? పైగా మూడవ పాదంలోనే కడలిని ముందుగా పేర్కొనడం వలన సమస్యాపాదం వచ్చేసరికి అందులోని విడ్డూరం సగం చల్లారిపోయింది. అక్కడ “వీపు వెనుక నలలు” అంటే గణం చెడదు, మున్నీరు చివరి పాదానికి మిగులుతుంది.

హైదరాబాదు సభ్యులు:

పొద్దు గ్రుంకు నపుడు పొంగారు కెంజాయ
కడలి నీటఁ గలియఁ గాంచఁ దలఁచి
గదిని వీడ లేక కాఫీకిఁ గూర్చుండఁ
గడలి చెంత నుండి కడలిఁ గనము.

నిర్వాహకుడు: ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. కాని పుదుచ్చేరిలో పొద్దు సముద్రంలో గ్రుంకదు. అది తూర్పు తీరం. సాయంత్రం సూర్యుడు కాలువ దాటి, తమిళ వాడ మిద్దెల వెనుకకు దిగిపోతాడు. మీ అతిథి కాఫీ మానుకొని పరుగెత్తినా ఆ కెంజాయ నీట కలియడం చూడలేడు, కనుక గది వీడలేకపోవడం అతడు కడలిని చూడకపోవడానికి కారణం కాజాలదు.

హైదరాబాదు సభ్యులు: కవిసమయంగా, అంటే కవులందరూ ఒప్పుకున్న కల్పనగా, తీసుకోవచ్చును గదా అండి? చకోరాలు వెన్నెల త్రాగుతాయంటే ఎవరూ అభ్యంతరం చెప్పడం లేదు.

నిర్వాహకుడు: చకోరానికి పూర్వకవులందరూ కలిసి ఇచ్చిన అనుమతి ఉంది. సూర్యుడు తూర్పున అస్తమించడానికి ఎవరూ ఇవ్వలేదు. మరమ్మతు చిన్నదే. “పొద్దు పొడుచు నపుడు” అని మొదలుపెట్టి, రెండవ పాదాన్ని “కడలి నీట లేవఁ గాంచఁ దలఁచి” అని మార్చండి. గణాలూ యతీ అలాగే నిలుస్తాయి. పైగా వేకువనే లేచి బీచికి పోదామని రాత్రి ప్రతిజ్ఞ చేసి, తెల్లవారిన తరువాత ఎత్తయిన మంచం మీద దోమతెర లోపల కాఫీతోనే కాలం గడిపే అతిథి ఎంత నిజమైన మనిషో, ఆ హోటళ్లలో దిగినవారికి చెప్పనక్కరలేదు.

యానాం సభ్యులు: పౌర్ణమి నాటి సాయంత్రమైతే చంద్రుడు సముద్రంలో నుండే లేస్తాడు. ఆ దారిలో కూడా ఒక పూరణకు చోటుంది.

రాజమహేంద్రవరం సభ్యులు పంపిన పూరణలో రెండవ పాదాన్ని మాత్రమే ఇక్కడ చూపుతున్నాను, చర్చించవలసినది అదే కనుక:

బోగన్‌విలియా పూల ప్రహరి గోడ

నిర్వాహకుడు: ఆ వీధుల్లో పసుపు సున్నం పూసిన గోడల మీద నుండి ఎర్రని పూలు వేలాడే దృశ్యాన్ని పట్టుకోవాలన్న కోరిక మెచ్చదగినదే. అయితే బో, గన్ రెండూ గురువులు కావడంతో అక్కడ సూర్యగణం (గురువు వెంట లఘువు, లేదా మూడు లఘువులు) పడదు. నాలుగవ గణం మొదట ఉన్న “ప్ర”తో “బో”కు హల్లు కలిసినా అచ్చు కలవదు. మన పెరళ్లలో ఆ పూలకు కాగితం పూలనే పేరు ఉండనే ఉంది.

కాగితంపుఁ బూలు గప్పు గోడ

ఇలా వ్రాస్తే ఐదు గణాలూ సరిపోతాయి, యతి కుదురుతుంది, చదివేవారికి పువ్వు కూడా కనబడుతుంది.

బెంగళూరు సభ్యురాలు:

వీధి దాటఁ గడలి; విడిదింటి గదిలోనఁ
గిటికిఁ దీయఁ దోట కెదురు గోడ;
అలల మ్రోత కెచట నడ్డు లేకున్నను
కడలి చెంత నుండి కడలిఁ గనము.

నిర్వాహకుడు: ఇది ఆ ఇంటిలో పడుకొని లేచినవారు మాత్రమే వ్రాయగల పద్యం. సముద్రం వెంబడి పోయే గూబెర్ అవెన్యూకు సమాంతరంగా, ఒక వరుస లోపలికి డ్యూమా వీధి ఉంటుంది, దాని వెనుక రొమేన్ రోలాఁ వీధి. ఆ వీధుల్లోని పాత ఇళ్లు వీధికి వీపు చూపిస్తాయి. ఎత్తయిన ప్రహరీ, మూసి ఉండే పెద్ద గేటు, దాటితే తోటో ముంగిలో, దాని చుట్టూ స్తంభాల వసారా, వసారాలోకి తెరచుకునే గదులు. ఎండను, వీధి చప్పుడును, పరుల చూపును ఆపడానికి కట్టిన ఇల్లు సముద్రాన్ని మాత్రం ఎందుకు లోపలికి రానిస్తుంది? ఈనాటి అతిథి కిటికీ నిండా నీలిమ కావాలని అడుగుతాడు గాని, ఆనాటి గృహస్థుకు కావలసినది చల్లని నీడ. పాత కట్టడాల సంరక్షణకు పనిచేసే ఇంటాక్ వంటి సంస్థలు పాత ఇళ్ల ముఖభాగాలు చెడకుండా చూడాలని పట్టుబట్టడం వలన, బాగుచేసినప్పుడు కూడా ఆ అమరిక చాలావరకు నిలిచింది.

గోడ చూపును ఆపుతుంది, మ్రోతను ఆపదు. ఈ విరోధాన్ని “లేకున్నను” అన్న ఒక్క మాట మీద నిలిపి సమస్యాపాదానికి అప్పగించిన తీరు చూడండి. “తోట కెదురు గోడ” అనడంలో చూపు గదిలో మొదలై తోటను దాటి గోడకు తగిలి ఆగిపోతుంది. పాదం కూడా సరిగ్గా అక్కడే ఆగింది.

బెంగళూరు సభ్యురాలు: ధన్యవాదాలండి. మాకు ఇచ్చిన గది పైకప్పు మద్రాసు టెర్రసు. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు అది. రాత్రి దీపం ఆర్పిన తరువాత ఆ ఎత్తులో అలల చప్పుడు తిరుగుతున్నట్లు ఉండేది. ఉదయం ముంగిట వేపచెట్టు క్రింద బల్ల వేసి, క్రోసాంట్లు, ఫిల్టర్ కాఫీ పెట్టారు. మా వారు సముద్రం ఎటువైపు అని అడిగే లోపల ఒక కాకి దిగి వెన్న ముక్కను ఎత్తుకొని తూర్పు వైపు గోడ దాటిపోయింది. దిక్కు తెలిసింది.

కాకినాడ సభ్యులు: ఫలహారం బాగుందని అందరూ వ్రాస్తున్నారు గాని గోడల చెమ్మను గురించి ఎవరూ చెప్పరేమి? ఉప్పుగాలికి సున్నం పొక్కి, మంచం తలాపున పొడి రాలుతూనే ఉంటుంది. అంత అద్దె కట్టి ప్రతి ఉదయం దిండు దులుపుకున్నాము.

నిర్వాహకుడు: సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మ బయటకు పోయే దారి లేక పొక్కులు మరింత పెరుగుతాయి. అందుకే తెలిసినవారు ఏటేటా సున్నమే పూస్తారు. అయినా దిండు మీద పొడికి ఇది సమాధానం కాదని ఒప్పుకుంటున్నాను. మీ ఫిర్యాదును పద్యంగా పంపండి, ఈ సమస్యలో ఇముడుతుంది.

ఖమ్మం సభ్యులు:

మిద్దె యెక్కి నంత మిలమిల నల లుండ
మెట్ల బాధ కోర్వ మేము లేమె?
ఎట్టు లందు రిట్టు లీ విడిదింటిలోఁ
“గడలి చెంత నుండి కడలిఁ గనము”?

నిర్వాహకుడు: అవధానాలలో ఆరితేరినవారి పద్ధతి ఇది. సమస్యను తాను ఒప్పుకోకుండా, పరుల నోట పెట్టి, ఆ పరులను నిలదీయడం. గదిలో కనబడని సముద్రం మిద్దె మీద కనబడుతుందన్నది కూడా నిజమే. చుట్టుప్రక్కల ఇళ్లు ఎక్కువగా ఒకటి రెండు అంతస్తులవే కనుక చాలాచోట్ల పై మిద్దె నుండి చూపుకు అడ్డు ఉండదు. రాత్రి భోజనం అక్కడ పెట్టడంలోని రహస్యమూ అదే. మొదటి పాదంలో “మిలమిల నల లుండ” అన్నచోట లకారాల వరుస చెవికి ఇంపుగా ఉంది.

కాకినాడ సభ్యులు: ఖమ్మం వారి మోకాళ్లు ఇంకా బాగున్నాయని తెలుస్తున్నది. ఆ ఇళ్లలో లిఫ్టు ఉండదు. మెట్లు ఇరుకు, ఒక్కొక్కటి రెండు మెట్ల ఎత్తు. మా అమ్మగారిని తీసుకొని వెళ్లినప్పుడు ఆమె క్రింది వసారాలోనే కూర్చొని, పైకి వెళ్లి వచ్చిన మమ్మల్ని సముద్రం ఎలా ఉందని అడిగేవారు. “మెట్ల బాధ కోర్వ మేము లేమె” అన్న ప్రశ్నకు, లేము అని కూడా జవాబు ఉంది.

నిర్వాహకుడు: ఆ జవాబు ఉండడం వలన పద్యానికి లోపం రాదు. అడిగినవాడి వయస్సు తెలిసింది, అంతే. పెద్దవారితో వెళ్లేవారు క్రింది గదిని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. అన్నట్లు, సాయంత్రం 6 గంటల నుండి ఉదయం 7:30 వరకు బీచి రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు కనుక, నడవలేనివారిని కారులో సముద్రం ముందు దించవచ్చునని అనుకోకండి.

యానాం సభ్యులు:

ఇసుక తిన్నె లెల్ల నేనాఁడొ కరఁగెను
నల్ల రాళ్ల కుప్ప నడుమ నిలిచె
కాలు తడిపి యాడు కాలంబు పోయెను
కడలి చెంత నుండి కడలిఁ గనము.

నిర్వాహకుడు: యానాం వారికి పుదుచ్చేరి రాజధాని కనుక, అతిథి చూడనిది వీరు చూశారు. ఆ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. 1980ల చివర ఊరికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి గోడలు కట్టేసరికి ఆ కదలిక తెగి, ఇసుక ఒక ప్రక్క పేరుకుపోయి, ఊరి ముందు కోసుకుపోయింది. ఒడ్డును కాపాడడానికి పోసినవే ఆ నల్లరాళ్లు. హోటలు వారు బీచి దగ్గర అన్నప్పుడు ఈతకు బట్టలు సర్దుకొని వెళ్లిన అతిథులు ఆ రాళ్ల ముందు నిలబడి ఖిన్నులు కావడం మామూలు. ఈ మధ్య నీటిలో కృత్రిమ దిబ్బను ఏర్పరచిన తరువాత ఉత్తరపు వైపు కొంత ఇసుక తిరిగి వచ్చింది కనుక “ఎల్ల” అన్నది ఇప్పుడు కొంచెం ఎక్కువే.

పద్యంలో బాధ ఉంది, అన్వయం మాత్రం పూర్తిగా కుదరలేదు. రాళ్లు కాలును ఆపుతాయి గాని కన్నును ఆపవు. ఆ రాళ్ల మీద కూర్చొనే గదా ఊరంతా సముద్రాన్ని చూస్తున్నది! మీరు కనమంటున్నది మీ చిన్ననాటి కడలిని. ఆ సంగతి మూడవ పాదంలో స్ఫురిస్తుంది, కాని నాలుగవ పాదాన్ని మోసేటంత బలంగా స్ఫురించదు.

విశాఖపట్నం సభ్యులు:

పగలు పరుపు పరచి వంటిల్లు సర్దుచు
రేయి తాళ మిచ్చి లెక్క వ్రాసి
అతిథి సేవలోన నలసిన వారము
కడలి చెంత నుండి కడలిఁ గనము.

నిర్వాహకుడు: సమస్య ఇచ్చినప్పుడు “కనము” అన్న క్రియకు కర్త ఎవరో నేను చెప్పలేదు. ఇంతవరకు వచ్చిన పూరణలలో ఆ కర్త డబ్బు చెల్లించినవాడో, ఆ ఊరు తెలిసినవాడో. గోడ, ఫోను, మెట్లు, రాళ్లు, అన్నీ ఆ మనిషి కన్నుకు అడ్డు వచ్చినవి. ఈ పద్యంలో అడ్డు పని. గదిలో నుండి సముద్రం కనబడలేదని అతిథి విసుక్కుంటున్నప్పుడు తాళం అందిస్తున్న మనిషి కూడా దానిని చూడలేదన్న ఎరుక మిగిలిన పద్యాలను కొంచెం చిన్నబుచ్చుతుంది. రేయికి, లెక్కకు రేఫ లకారాల మైత్రితో యతి చెల్లింది.

బెంగళూరు సభ్యురాలు: భావం ఒప్పుకుంటాను గాని, పరుపు పరచేవారు వేరు, వంట వారు వేరు, రాత్రి లెక్కలు చూసేవారు వేరు గదా? ఒకే మనిషి చేత అన్ని పనులూ చేయించడం అతిశయోక్తి కాదా?

విశాఖపట్నం సభ్యులు: “వారము” అన్నాను గాని “వాఁడను” అనలేదండి. అందరి తరఫునా ఒకరు పలికిన మాట అది. అయినా పది గదుల హోటలులో ఆ పనులు అంత విడివిడిగా ఉండవు. నేను అటువంటి చోట కొంతకాలం రాత్రి కౌంటరు చూశాను. ఎవరైనా రాని రోజున తెల్లవారుజామున కాఫీ కలిపినదీ నేనే, బయలుదేరేవారి పెట్టెలు మోసినదీ నేనే. అతిథులు సూర్యోదయం ఎన్ని గంటలకని అడుగుతారు కనుక ఆ వేళ మాకు నోటికి వచ్చు.

నిర్వాహకుడు: ఆ చివరి మాట పద్యంలోకి రావలసింది. “వంటిల్లు సర్దుచు” అన్నది అక్కడ కేవలం పని పేరు, సూర్యోదయపు వేళ అప్పజెప్పడమైతే కడలిని కనకపోవడాన్ని నేరుగా తాకుతుంది. మొదటి రెండు పాదాలలో ఒకదానిని దాని కోసం ఖాళీ చేసి మళ్లీ పంపండి. నిర్మాణంలో బెంగళూరు వారి పూరణకు, దృష్టిలో విశాఖ వారి పూరణకు నా ఓటు. రెండింటిలో ఒకదానిని ఎంచుకోమంటే, సవరించిన పద్యం వచ్చేవరకు బెంగళూరు వారిదే ముందు ఉంటుంది.