బెంగళూరు ఇంటి అడ్వాన్సును అత్యవసర నిధిలో లెక్కించవచ్చా?

ప్రశ్న (మారతహళ్లి గృహిణి):
మా వారిది ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో ఒక పాప, అనంతపురంలో అత్తమామలు ఉన్నారు. ఆయన ఆఫీసులో ఈమధ్య కొందరిని తీసివేసినప్పటి నుంచి, జీతం హఠాత్తుగా ఆగిపోతే ఇల్లు ఎలా గడుస్తుందా అని లెక్క వేసుకుంటున్నాము. ఇంటి ఓనరు దగ్గర 2 లక్షల అడ్వాన్సు, ఇద్దరి పేరిట 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, అనంతపురం లాకరులో కొంత బంగారం, ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉన్నాయి. నెలకు అద్దె 32,000, ప్లాటు అప్పు వాయిదా 21,000, ఇంటి ఖర్చులు 25,000, అత్తమామల మందులు 7,000 రూపాయలు అవుతున్నాయి. ఉన్నవన్నీ కలుపుకుంటే మాకు సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. మీరు చెప్పిన వాటిలో రేపటికి చేతికందేది ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒక్కటే. అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేశాక, అదీ రంగుల ఖర్చు పట్టుకున్న తర్వాత వస్తుంది. తక్కువ అద్దె ఇంటికి మారదామనుకున్నా, పాత ఓనరు ఇవ్వకముందే కొత్త ఓనరుకు కట్టవలసి ఉంటుంది గనుక, కష్టకాలంలో అది మీకు ఆసరా కాకపోగా అదనపు భారం అవుతుంది. ఆపడానికి వీలులేని మీ ఖర్చు నెలకు 85,000. ఒక్క జీతంపై నడిచే ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 5,10,000 రూపాయలు ఉండాలని నా అభిప్రాయం. పాప బడి ఫీజు ఇందులో చేరలేదు.

జవాబు 2 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
మొత్తాన్ని ఒకే డిపాజిట్‌గా ఉంచకుండా 50,000 చొప్పున విడగొట్టుకుంటే, కొంచెం అవసరానికి అంతా రద్దు చేసుకోవలసిన పని ఉండదు. చాలామంది గమనించని విషయం ఒకటుంది: ‘ఇద్దరిలో ఎవరైనా’ అని రాసిన డిపాజిట్‌ను సైతం గడువుకు ముందే తీసుకోవాలంటే బ్యాంకులు సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతాయి; ఒకరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇది ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. ఒకరి సంతకంతోనే ఇవ్వవచ్చని ఇద్దరూ ముందే లిఖితపూర్వకంగా ఇవ్వగలరేమో మీ శాఖలో అడగండి. లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్) కొంత పెట్టదలిస్తే, వెంటనే డబ్బు జమచేసే సదుపాయం ఉన్న పథకాల్లో కూడా రోజుకు 50,000 లేదా మీ నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అంతే వస్తుంది. బంగారం మీద అప్పు త్వరగా పుడుతుంది గాని, లాకరు అనంతపురంలో ఉండగా ఆదివారం మీకు అవసరం పడితే ఏం చేస్తారు?

జవాబు 3:
నాకు డిపాజిట్ కన్నా బీమా గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. ఆఫీసు పాలసీ ఉద్యోగంతో పాటే ముగిసిపోతుంది. సొంత పాలసీలో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు సాధారణంగా రక్షణ ఉండదు, ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఆగవలసి రావచ్చు. అందుకే ఉద్యోగం ఉన్నప్పుడే ఆ గడియారం మొదలుపెట్టడం మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. మీ అత్తమామలకు షుగరు, బీపీ ఉన్నట్లయితే ఆ నిరీక్షణ కాలానికని విడిగా కొంత సొమ్ము పక్కన పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మామగారికి షుగరు ఉంది. పాలసీ ఈ నెలలోనే తీసుకుంటాము. నిధికి తక్కువపడిన 2,10,000 కూడేవరకు ప్లాటు అప్పుకు అదనంగా కడుతున్న సొమ్మును ఆపివేయాలని మా వారు అంటున్నారు.

జవాబు 1:
నిస్సందేహంగా ఆపండి, నెలవారీ వాయిదా మాత్రం తప్పనీయవద్దు.