పెంటగ్రామ్ ‘ఫస్ట్ డేజ్ హియర్’: తొలి ఆల్బమా, అటక మీది మూటా?

రాత్రి_రేడియో
పెంటగ్రామ్ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన హెవీ మెటల్ (హోరెత్తే గిటార్ల రాక్) బ్యాండు. 1971లో మొదలైంది, మొదటి ఆల్బమ్ మాత్రం 1985 దాకా రాలేదు. 1970ల్లో చేసి మూలన పడేసిన రికార్డింగుల్లోంచి కొన్ని ఏరి 2002లో రిలాప్స్ రికార్డ్స్ అనే కంపెనీ ఈ సీడీ తెచ్చింది. నా దృష్టిలో వాళ్ల అసలు తొలి ఆల్బమ్ ఇదే. కాదనేవాళ్లు రండి.

బేస్_బాబు
నేనే కాదంటున్నా. ఆల్బమ్ అంటే ఏ పాట ముందు, ఏది వెనక అని బ్యాండు కూర్చుని తేల్చుకునేది. ఇది పాతికేళ్లు దాటాక మూట విప్పి ఏరింది. పైగా డూమ్ మెటల్‌కి (నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్) వీళ్లే ఆద్యులని ఈ సీడీనే చూపిస్తారు! ఏవో ఒకటీ అరా సింగిల్స్ (విడి పాటల రికార్డులు) తప్ప అప్పట్లో బయటికొచ్చిందేముంది? గోడౌన్‌లో రిహార్సల్ చేసుకున్న పాటలు పక్కవీధికైనా వినపడ్డాయా?

రాత్రి_రేడియో
ఆ సౌండుకి పక్కవీధికి వినపడే ఉంటుందిలే అన్నా :) ఓసారి ‘ఫరెవర్ మై క్వీన్’ పెట్టు. రెండున్నర నిమిషాలు కూడా లేదు. విన్సెంట్ మెకాలిస్టర్ గిటార్ గరగరకి మన స్పీకరే చిరిగిందేమో అనిపిస్తుంది. ఇదే పాటని 1999 ఆల్బమ్‌లో మళ్లీ చేశారు. సౌండు శుభ్రంగానే ఉంది, ఊపే పోయింది.

పాత_క్యాసెట్
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. 1985 ఆల్బమ్‌లో గిటార్ విక్టర్ గ్రిఫిన్‌ది. ఈ సీడీలో వినపడేవాళ్లలో అందులోనూ ఉన్నది గాయకుడు బాబీ లీబ్లింగ్ ఒక్కడే. 1985 నాటిది బరువుగా, నల్లగా ఉంటుంది. ఈ పాతవాటిలో ఇంకా బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాత పాటల బాణీ) వాసన పోలేదు. పేరొకటే గానీ బ్యాండులు రెండు. అలాంటప్పుడు తొలిదేది, మలిదేది అని లెక్కేయడం ఎందుకు? (నాకైతే ‘లాస్ట్ డేస్ హియర్’ ఒక్క పాట చాలు, ఆ నీరసం ఇంకెవరికీ రాదు.)

బేస్_బాబు
రెండు బ్యాండులన్న మాట ఒప్పుకుంటా. ఆద్యులన్న మాటే మింగుడు పడట్లేదు.

రాత్రి_రేడియో
ఇందులోని ‘20 బక్ స్పిన్’ పాట పేరునే ఒక అమెరికన్ మెటల్ లేబుల్ (రికార్డు కంపెనీ) తన పేరుగా పెట్టుకుంది. అది ప్రభావం కాదా మరి?

బేస్_బాబు
ఎందుకు కాదూ, ప్రభావమే. కాకపోతే అది సీడీ వచ్చాక సంగతి. నేను అడిగింది 1970ల సంగతి.