పైలట్ల జీతాలకు కోత: ఎదురు తిరగాలా, సర్దుకుపోవాలా?

కుడిసీటు
మాది విజయవాడే. కో-పైలట్‌గా చేస్తున్నాను. కంపెనీ పేరు అడగొద్దు. కొత్త జీతాల పద్ధతి అంటూ మాకో మెయిల్ వచ్చింది, సంతకం పెట్టడానికి గడువు పెట్టారు.

తెలియనివాళ్ల కోసం: పైలట్‌కి బేసిక్ కన్నా ఎగిరిన గంటలకు ఇచ్చే అలవెన్సే ఎక్కువ. విమానం ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఇన్ని గంటల డబ్బు ఖాయం అని ఒక హామీ ఉంటుంది. ఆ హామీ గంటలు కోస్తే చాలు, గంట రేటు అలాగే ఉంచి జీతం తగ్గించొచ్చు. 2024 ఏప్రిల్‌లో విస్తారా గొడవ దీని గురించే. ఎయిరిండియాలో విలీనానికి ముందు 70 గంటల హామీని 40కి తెచ్చారు. పైలట్లు వరసగా సిక్ లీవు పెట్టారు, వందకు పైగా సర్వీసులు రద్దయ్యాయి, ఆలస్యమయ్యాయి. మా మెయిల్లోనూ ఇదే కోత, 70 నుంచి 40కి.

మా బ్యాచ్‌లో కొందరు సంతకాలు పెట్టేశారు. నేనింకా పెట్టలేదు. ఏమంటారు?

ఆటోనగర్ శీను
నెలకు 40 గంటలా! మా లారీ డ్రైవరు ఇక్కణ్నుంచి ముంబై వెళ్లొచ్చేసరికి అంతకన్నా ఎక్కువసేపే స్టీరింగు పడతాడు. వాడికి హామీ ఇచ్చిన మనిషిని ఇంతవరకూ చూడలేదు.

సత్తెనపల్లి సుబ్బు
లక్షల్లో జీతం, పైగా ఏడుపు.

కుడిసీటు
శీను గారూ, ఆ గంటలు విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా మాత్రమే. రిపోర్టింగు, బ్రీఫింగు, రెండు సర్వీసుల మధ్య ఎదురుచూపు, డ్యూటీ ఎక్కడానికి వేరే ఊరికి ప్రయాణికుడిగా వెళ్లడం, ఇవేవీ అందులోకి రావు. ఏడాదికి 1000 గంటలు మించి ఎగరకూడదని డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) రూలే ఉంది. కష్టం తెలియకుండా పెట్టలేదు కదా ఆ రూలు.

ఆటోనగర్ శీను
1000 అంటే నెలకు 83. వారానికి ఇరవై కూడా లేదు. నేను చెప్పిందీ అదే.

బీఆర్టీఎస్ మాస్టారు
శీనూ, ఆ గంటల లెక్క వదిలెయ్యవయ్యా. ఎంత ఇస్తున్నారన్నది కాదు ప్రశ్న. ఇస్తానని ఒప్పుకున్నది తగ్గిస్తుంటే ఊరుకోవాలా అన్నది.

2022 ఫిబ్రవరి 3న ఇదే బెజవాడలో బీఆర్టీఎస్ రోడ్డు చూశావా? నేనున్నాను అక్కడ. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న మాకు 23 శాతం ఫిట్‌మెంట్, అంటే అసలు పెంపు ఇచ్చి, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) కోసి, ఇదే మీ పీఆర్సీ, వేతన సవరణ అన్నారు. రివర్స్ పీఆర్సీ అని ఊరూరా అనుకున్నాం. ఎక్కడికక్కడ ఆపుతారని తెలిసి ముందురోజే వచ్చి చుట్టాలిళ్లలో పడుకున్నవాళ్లున్నారు. అప్పుడు కూడా ఇదే మాట అన్నారు జనం, టీచర్లకు జీతాలు ఎక్కువైపోయాయని. వీధిలో కిరాణా కొట్టాయన మొహం మీదే అన్నాడు. రెండు రోజుల్లో హెచ్ఆర్ఏ శ్లాబులు మార్చారు, భృతి రికవరీ మానేశారు. ఇంట్లో కూర్చుంటే ఇచ్చేవాళ్లా?

మిర్చియార్డు
ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఆగిపోయింది కదండీ మాస్టారూ. మీ టీచర్ల సంఘాలే లీడర్లు అమ్ముడుపోయారని తిట్టిపోశాయి. అది చెప్పరేం?

సరే, నా సంగతి వినండి. గన్నవరంలో సాయంత్రం హైదరాబాద్ ఫ్లైటు ఎక్కి, అక్కణ్నుంచి రాత్రికి మస్కట్ పోవాలి. బోర్డింగు అయ్యాక పైలట్‌గారి డ్యూటీ టైం అయిపోయిందని దింపేశారు. ఏ కంపెనీ అన్నది అనవసరం. మస్కట్ టికెట్ పోయింది, అక్కడ సరుకు మాట్లాడుకున్న పార్టీ పోయాడు. అరగంట ఎక్కువ నడిపితే ఆయన సొమ్మేం పోయింది? వీళ్ల జీతం గురించి నేను కన్నీళ్లు పెట్టుకోవాలా?

కుడిసీటు
ఆ అరగంట ఆయన నడిపితే లైసెన్సు మీదకొస్తుంది. డ్యూటీ పరిమితి పైలట్ ఇష్టం కాదు, చట్టం. ఒక రోస్టర్‌లో ఎడం లేకుండా సర్వీసులు పేర్చి, మొదటిది గంట లేటైతే చివరిది రద్దయ్యేలా వేసింది పైలట్ కాదు.

2025 డిసెంబరు చూశారుగా. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. ఆ రూలు 2024 జనవరిలోనే ప్రకటించినదే. దానికి తగ్గట్టు మనుషుల్ని సిద్ధం చేసుకోక ఇండిగోలో డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి. చివరికి రూలుకే సడలింపు ఇచ్చారు. విమానయాన శాఖ కేంద్రమంత్రి మన శ్రీకాకుళం ఆయనే, అప్పుడు ఆయన్ని తిట్టనివాడు లేడు. మనుషులు చాలక అంత గొడవ జరిగిన దేశంలో మా జీతం ఎందుకు తగ్గుతోంది? ఇదొక్కటీ ఎవరైనా చెప్పండి.

మిర్చియార్డు
మస్కట్ టికెట్ డబ్బులు ఎవరిస్తారో కూడా చెప్పండి.

డల్లాస్ నరసరావుపేట
అమెరికా సంగతి చెప్తా. 2009 జనవరిలో హడ్సన్ నదిలో విమానం దించి 155 మందిని బతికించిన సల్లెన్‌బర్గర్, మరుసటి నెల అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి తన జీతం 40 శాతం కోశారని, పెన్షన్ పోయిందని చెప్పాడు. ఆ ఫిబ్రవరిలోనే బఫెలో దగ్గర కోల్గాన్ అనే చిన్న కంపెనీ విమానం కూలి 50 మంది పోయారు. విచారణలో ఆ కో-పైలట్ జీతం ఏడాదికి సుమారు 16 వేల డాలర్లన్న మాట వచ్చింది. రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసొచ్చి డ్యూటీ ఎక్కింది ఆ అమ్మాయి. తక్కువ జీతం ఎక్కడ తేలుతుందో చూసుకోండి.

బ్రాడీపేట నాలుగోలైను
డల్లాస్ గారూ, సగం చెప్పి వదిలేయకండి. ఆ ప్రమాదానికి దర్యాప్తు సంస్థ చెప్పిన కారణం, వేగం పడిపోతోందని హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చేయకూడనిది చేయడం. జీతం కాదు. జీతం పెంచితే ప్రమాదాలు ఆగుతాయా?

ప్రయాణికుల్ని ఇబ్బంది పెట్టి ఏ సమ్మే బాగుపడలేదు. 2012లో ఎయిరిండియా పైలట్లు 58 రోజులు కూర్చున్నారు. వందమందిని తీసేశారు, వాళ్ల సంఘం గిల్డ్ గుర్తింపు రద్దు చేశారు. కోర్టుకి మాటిచ్చి మళ్లీ డ్యూటీలెక్కారు. ఏం మిగిలింది?

డల్లాస్ నరసరావుపేట
మరి 2023లో అమెరికా డెల్టా ఎయిర్‌లైన్స్ ఒప్పందం? పైలట్లు ఒక్కరోజు కూడా సమ్మె చేయలేదు. చేస్తామని ముందు ఓటేశారంతే. నాలుగేళ్లలో 34 శాతం పెంపు వచ్చింది.

బ్రాడీపేట నాలుగోలైను
కోవిడ్‌లో ముందస్తు రిటైర్మెంట్లు ఇచ్చి వేలమందిని పంపేసి, తర్వాత మనుషులు లేక ఇచ్చారు. అక్కడ కెప్టెన్లు దొరకలేదు. ఇక్కడ కొత్త కుర్రాళ్లు లైసెన్సులు పట్టుకుని క్యూలో ఉన్నారు. రెండూ ఒకటేనా?

బీఆర్టీఎస్ మాస్టారు
సర్దుకుపోతే ఏమవుతుందో కింగ్‌ఫిషర్ వాళ్లనడగండి. 2012లో నెలల తరబడి జీతం లేకుండా పనిచేశారు, ఇవాళ వస్తుంది రేపు వస్తుందని. అక్టోబరులో లైసెన్సే పోయింది. జెట్ ఎయిర్‌వేస్ వాళ్లు 2019లో ఏప్రిల్ 1 నుంచి ఆగుతామని చెప్పి, మళ్లీ కంపెనీకి టైమిచ్చారు. 17న విమానాలు నిలిచిపోయాయి. నమ్మినందుకు మిగిలింది బకాయిలు.

సత్తెనపల్లి సుబ్బు
సమ్మె చేసినా మూతపడుద్ది, చెయ్యకపోయినా మూతపడుద్ది. మరి గొడవెందుకు?

బ్రాడీపేట నాలుగోలైను
సుబ్బు గారు సరిగ్గా చెప్పారు. డబ్బుల్లేని కంపెనీ దగ్గర గట్టిగా అరిస్తే డబ్బులు పుడతాయా?

బీఆర్టీఎస్ మాస్టారు
డబ్బుల్లేవని ఎవరు చెప్పారు మీకు? వందల విమానాలకు ఆర్డర్లిచ్చే కంపెనీల దగ్గర డబ్బుల్లేవా? 2022 ఏప్రిల్‌లో కోవిడ్ కోత గురించి సమ్మె చేద్దామనుకున్నారని ఇండిగో కొందరు పైలట్లను సస్పెండ్ చేసింది. సమ్మె చేసినందుకు కాదు, అనుకున్నందుకు. పైగా 2017 నుంచి కెప్టెన్ మానేయాలంటే ఏడాది, కో-పైలట్ అయితే ఆరు నెలలు నోటీసివ్వాలని డీజీసీఏ రూలు. జీతం వాళ్లు ఒక మెయిల్‌తో తగ్గించొచ్చు, ఇతను మాత్రం ఆర్నెల్లు ఆగి కదలాలి. ఇదెక్కడి న్యాయం?

నాలుగోలైను గారూ, మొదటి నుంచీ చూస్తున్నా. ప్రతి మాటా మేనేజ్‌మెంట్ మాటే. ఏ కంపెనీలో హెచ్ఆర్ మీరు?

బ్రాడీపేట నాలుగోలైను
నోరు జాగ్రత్త మాస్టారూ. నెల ఒకటో తారీఖున ఖజానా నుంచి జీతం, రిటైరయ్యాక పెన్షన్, మధ్యలో సెలవుపెట్టి రోడ్డెక్కి నినాదాలు. మీకేం తెలుసు అప్పంటే?

బీఆర్టీఎస్ మాస్టారు
పెన్షనా? మాది సీపీఎస్, పాత పెన్షన్ కాదు. ముందు అది తెలుసుకుని మాట్లాడండి!

మోడరేటర్
ఇద్దరూ ఆగండి. వ్యక్తిగతంగా వెళ్తే ఈ చర్చ మూసేస్తాను.

బ్రాడీపేట నాలుగోలైను
మూసేయకండి, చెప్పనివ్వండి.

నేను ఏ కంపెనీలోనూ హెచ్ఆర్ కాదు. తెనాలి పక్కన పొలం అమ్మాను. మిగతాది బ్యాంకు లోను, ఇల్లు తాకట్టు. మా వాడు 200 గంటలు ఎగిరి సీపీఎల్, అంటే పైలట్ ఉద్యోగానికి కావాల్సిన లైసెన్సు తెచ్చుకున్నాడు. తర్వాత టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానానికి వేరే శిక్షణ) మన డబ్బుతోనే చేసుకోవాలన్నారు, అదీ చేశాం. అంతా కలిపితే కోటికి దగ్గర. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఏ కంపెనీ నోటిఫికేషన్ ఇస్తుందా అని ఫోను చూసుకుంటున్నాడు. మెడికల్ ప్రతి ఏడాదీ రెన్యూ చేయించాలి, గంటలు పాతబడకుండా చూసుకోవాలి, దానికీ డబ్బే. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

కుడిసీటు గారికి 70 గంటలు 40 అయ్యాయని బాధ. మా వాడికి 40 కాదు, 20 ఇచ్చినా చాలు. మీరంతా ఎదిరించి గెలిస్తే కంపెనీ ఉన్నవాళ్లకు పెంచుతుంది, కొత్తవాళ్లను తీసుకోవడం వాయిదా వేస్తుంది. మీ గెలుపుకి ఖర్చు పెట్టేది మా ఇంట్లోనుంచి.

మిర్చియార్డు
ఇది ముందే చెప్పుంటే సగం గొడవ తగ్గేది కదండీ.

బీఆర్టీఎస్ మాస్టారు
ఒక్క ప్రశ్న అడుగుతాను, కోపం వద్దు. రేపు కుడిసీటు వాళ్లంతా సంతకం పెట్టకుండా కూర్చున్నారు. వాళ్ల సీట్లోకి మీవాణ్ని తక్కువకి పిలిచారు. పంపిస్తారా?

బ్రాడీపేట నాలుగోలైను
పంపిస్తా. నేనే గన్నవరంలో దింపి వస్తా.

బీఆర్టీఎస్ మాస్టారు
అదీ సంగతి. పదిమంది రోడ్డు మీద నిలబడితే పదకొండోవాడు వెనక గేటులోంచి వెళ్తాడు. జీతం తగ్గించే ధైర్యం కంపెనీకి వచ్చింది అక్కణ్నుంచే.

ఆటోనగర్ శీను
మాస్టారూ, ఆయన్ని అనకండి. ఇది నాకు తెలిసిన సంగతే. మా దగ్గర కిరాయి ఇంతకు తగ్గకూడదని ఎన్నిసార్లు కట్టుబాటు చేసుకున్నామో. ప్రతిసారీ తగ్గించి లోడు ఎత్తేది కొత్తగా ఫైనాన్సులో బండి తీసినవాడే. వాడు చెడ్డవాడు కాదు, కిస్తీ కట్టకపోతే బండి లాక్కుపోతారు. పాతవాళ్లం బండి సొంతం చేసుకున్నాక కట్టుబాటు మాట్లాడతాం. అప్పుచేసి పైలట్ అవ్వాలన్న పద్ధతి ఉన్నంతకాలం చవగ్గా ఎగిరేవాడు దొరుకుతూనే ఉంటాడు. కంపెనీకి ఆ లెక్క తెలుసు.

అయినా నెలకు 40 గంటల పని తక్కువే అంటాను నేను.

కుడిసీటు
బాబాయి గారూ, మా నాన్నా పొలమే అమ్మారు, ఉయ్యూరు దగ్గర. నా లోను ఇంకా నడుస్తోంది. హామీ 70 ఉంటుందన్న లెక్కతోనే ఆ ఈఎంఐ పెట్టుకున్నాను. 40కి దిగితే ఈఎంఐ పోను నాకు మిగిలేది రూము అద్దె. మీ అబ్బాయి 40కి ఎక్కితే రేపు అతని ఈఎంఐ కూడా ఇలాగే అవుతుంది. పైగా బాండు ఉంటుంది, మధ్యలో మానేయాలంటే లక్షలు కట్టాలి. అప్పుడు మీరు ఎవరి మీద అరుస్తారు?

బ్రాడీపేట నాలుగోలైను
అప్పుడు చూద్దాం. ముందు సీటంటూ ఉండాలి కదా బాబూ.

డల్లాస్ నరసరావుపేట
కుడిసీటు, మీరు సిక్ పెట్టే పని మాత్రం చేయకండి. నోటీసిచ్చి చేస్తే వేరు. 2025 నవంబరు 21 నుంచి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో 14 రోజుల నోటీసు లేకుండా సమ్మె చేయకూడదు. చాలామంది ఒక్కసారే సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

కుడిసీటు
అది మాకూ తెలుసు. అందుకే సిక్ ఆలోచన లేదు. సంతకం పెట్టనివాళ్లం కలిసి ఒకే ఉత్తరం రాస్తున్నాం. కెప్టెన్ల హామీ తగ్గిస్తే తగ్గించుకోండి, లోన్లు ఉన్న కో-పైలట్ల హామీ ముట్టుకోవద్దు అని. మా కెప్టెన్లలో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు, మేమెందుకు తగ్గాలని. అదో గొడవ నడుస్తోంది.

బీఆర్టీఎస్ మాస్టారు
తప్పు చేస్తున్నావు బాబూ. కెప్టెన్లను వదిలేస్తే మీతో ఎవరు నిలబడతారు? కంపెనీకి కావాల్సింది ఇదే.

కుడిసీటు
కెప్టెన్లు మాతో నిలబడి ఉంటే ఇక్కడ అడిగేవాణ్నే కాదు మాస్టారూ.

బ్రాడీపేట నాలుగోలైను
బాబూ, నీ మీద నాకేం లేదు. సంతకం పెట్టకపోయి నీ సీటు ఖాళీ అయితే మాత్రం ఇక్కడ ఒక్క మాట రాయి. మా వాడు సిద్ధంగా ఉన్నాడు.

కుడిసీటు
రాస్తాను బాబాయి గారూ. ఎన్ని గంటలకు ఖాళీ అయిందో కూడా రాస్తాను.