పది పూటల డయాథెర్మీ రాశారు, పాత నడుము నొప్పికి పనిచేస్తుందా?

ప్రశ్న: మగ్గం మనిషి, మంగళగిరి

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి గుంట మగ్గం మీద నిజాం అంచు చీరలు నేస్తున్నాను. కాళ్లు గుంటలో పెట్టి, కింద చెక్కలు తొక్కుతూ, నాడె పిడి లాగుతూ రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ముందుకు వంగి కూర్చోవాలి. రెండేళ్లుగా నడుము నొప్పి. వెన్నుకు రెండు వైపులా ఎవరో పిడికిలితో పట్టుకున్నట్టు ఉంటుంది. పొద్దున లేవగానే చీపురు పట్టి వంగలేను. గోడ పట్టుకుని పది అడుగులు వేశాక గానీ నడుము నిటారు కాదు. కాళ్లలోకి లాగడం లేదు, తిమ్మిర్లు లేవు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకల్లో లోపం లేదు, కండరాలు బిగుసుకుపోయాయి అన్నారు. మాత్రలు వేసుకున్నన్ని రోజులే నిమ్మళం. ఇప్పుడు ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ చీటీ మీద షార్ట్‌వేవ్ డయాథెర్మీ అని రాసి, "లోపలి దాకా వేడి పెడతాం, పది పూటలు రావాలి" అన్నారు. పూటకు 250 రూపాయలు. బస్సు చార్జీలు, సగం రోజు నేత పోవడం వేరే. మా అత్తగారు ఉప్పు మూటతో కాపడం పెడుతూనే ఉన్నారు. దానికీ ఈ మిషను వేడికీ తేడా ఏమిటి? ఇంత డబ్బు పెట్టాక నొప్పి మళ్లీ వస్తే మా ఇంట్లో రెండోసారి అడగలేను. చేయించుకున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎల్లుండి నుంచి రమ్మన్నారు.

జవాబు: లారీ డ్రైవరు, అనంతపురం

చెల్లెమ్మా, నేను మూడేళ్ల క్రితం ఇదే డయాథెర్మీ 20 పూటలు పెట్టించుకున్నాను. పెట్టినంతసేపూ ప్రాణం లేచి వచ్చినట్టు ఉండేది. రాత్రి బండి ఎక్కి వంద కిలోమీటర్లు దాటేసరికి మళ్లీ మొదటికే. మిషను పెట్టడం, గంట మోగాక తీసేయడం, అంతే. ఒక్క వ్యాయామం చెప్పిన పాపాన పోలేదు.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. ఒకరోజు చెమటతో తడిసిన నైలాన్ బనియన్ మీదే మిషను పలకలు పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయారు. చురుక్కుమంది. పిలిస్తే పలికినవారు లేరు. కాసేపు ఓర్చుకుంటే సరిపోతుందనుకున్నాను. ఇంటికి వెళ్లి చూస్తే రూపాయి బిళ్లంత బొబ్బ. తర్వాత వేరే చోట రెండు నెలలు కసరత్తు చేయించారు, దానితోనే మళ్లీ స్టీరింగు పట్టాను. మీరు వెళ్తే వెళ్లండి, కానీ కాలినట్టు అనిపించిన క్షణంలోనే గట్టిగా అరవండి. మొహమాటపడవద్దు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం

అమ్మా, మిగతాదంతా తర్వాత, ముందు దీనికి జవాబు చెప్పండి. మీకు కాపర్-టీ వేశారా? ఒంట్లో ఎక్కడైనా రాడ్డు, ప్లేటు, స్క్రూ ఉన్నాయా? గుండెకు పేస్‌మేకర్ ఉందా? నెల తప్పే అవకాశం ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నడుముకు డయాథెర్మీ వద్దు. పేస్‌మేకర్ ఉంటే మిషను నడుస్తున్న గదిలోకే వెళ్లకూడదు. ఈ ప్రశ్నలు మిషను దగ్గరున్నవారే అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

ఎందుకంటే ఉప్పు మూట వేడి చర్మం మీద నుంచి మెల్లగా లోపలికి దిగుతుంది, సుమారు ఒక సెంటీమీటరు లోతు దాటేసరికి పలచబడిపోతుంది. డయాథెర్మీలో పలకలు వేడెక్కవు. 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు ఒంట్లోకి వెళ్లి, కండరాల్లో, కొవ్వులో అక్కడికక్కడే వేడి పుట్టిస్తాయి. లోహం ఉన్న చోట, చెమట నిలిచిన చోట ఆ వేడి పోగుపడుతుంది. డ్రైవరు గారి బొబ్బకు కారణం అదే. అందుకే ఒళ్లు పొడిగా తుడిచి, మధ్యలో పొడి తువ్వాలు మడతలు పెట్టి, చెక్క మంచం మీదే పడుకోబెట్టాలి. జాకెట్టు హుక్కులు, పిన్నులు, మొలతాడు తీసేయాలి. వైర్లు ఒంటికి తగలకూడదు.

మేము కాలేజీలో మొదట నేర్చుకున్న పని, రెండు గాజు గొట్టాలు తీసుకుని ఒకదానిలో వేడినీళ్లు, ఇంకోదానిలో చల్లనీళ్లు పోసి, కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే వీపుకు తాకించడం. ఏది వేడి, ఏది చలి అని రోగి చెప్పాలి. స్పర్శ సరిగా లేనివారికి, ముఖ్యంగా చాలాకాలం చక్కెర వ్యాధి ఉన్నవారికి, కాలుతున్నా తెలియదు. లోపలి కండరానికి చర్మానికున్నంతగా వేడి తెలియదు కాబట్టి "ఇంకొంచెం పెంచండి" అని ఎప్పుడూ అడగవద్దు. హాయిగా, గోరువెచ్చగా అనిపిస్తే చాలు. 15 నుంచి 20 నిమిషాలు.

ఇక అసలు ప్రశ్న. వేడి నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. నయం చేయదు. నేనూ రోజూ ఈ మిషన్లు వాడేదాన్నే, అయినా చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామాన్ని, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడాన్ని సిఫారసు చేసింది. లోపలికి వేడి పంపే ఇంకో పద్ధతి, జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్‌ను మామూలుగా ఇవ్వవద్దంది. నడుము బెల్టును, బరువులతో నడుమును సాగదీసే ట్రాక్షన్‌ను కూడా. ఒళ్లు సడలిన ఆ అరగంటను వ్యాయామానికి వాడుకుంటే మీ 250 రూపాయలకు విలువ. లేచి నేరుగా బస్సెక్కితే లేదు. కాబట్టి వెళ్లిన మొదటి రోజే "వేడి తర్వాత నాకు ఏ వ్యాయామాలు చేయిస్తారు?" అని అడగండి. ఏమీ లేవంటే వేరే చోటు చూసుకోండి.

మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా ఎవరి జవాబు కోసమూ చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జవాబు: గృహిణి, కరీంనగర్

మా అమ్మ వావిలాకు కాపడం పెట్టేది. అక్కా, మిషను వద్దంటే అది పెట్టి చూడండి, హాయిగా ఉంటుంది. కాకపోతే మూట ముందు మీ ముంజేతికి తాకించి చూసుకోండి.

ప్రశ్న వేసినవారు, నాలుగు వారాల తర్వాత

కాపర్-టీ మాట చదవగానే గుండె గుభేలుమంది. చిన్నవాడు పుట్టాక వేయించుకున్నాను, ఆరేళ్లయింది. నడుముకూ దానికీ లంకె ఉంటుందని నాకు తట్టనే లేదు. చీటీ రాసినప్పుడు వాళ్లూ అడగలేదు. వెళ్లి చెబితే అక్కడి అమ్మాయి ముఖం పాలిపోయింది. వెంటనే డయాథెర్మీ కొట్టేసి, వేడినీళ్ల తొట్టిలోంచి తీసిన మందపాటి ప్యాక్‌ను తువ్వాళ్లలో చుట్టి వీపు మీద పెట్టింది. వ్యాయామాల గురించి అడిగితే, నిజం చెప్పాలంటే, అడిగినందుకు సంతోషించింది. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం, రోజూ నడక, ఈ మూడే.

పది పూటలు కాదు, నాలుగు పూటలకే "ఇక ఇంట్లో చేసుకోండి" అంది. ఇప్పుడు అత్తగారు కాపడం పెట్టగానే చాప మీద పడుకుని మొదలుపెడతాను. మగ్గం దగ్గర నేను కూర్చునే పలక వెనకవైపు మా ఆయన రెండు అంగుళాల చెక్క వేసి ఎత్తు చేశారు. మూర నేత కాగానే గుంటలోంచి లేచి, చేతులు నడుము మీద పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగుతున్నాను. మొదటి వారం నేత తగ్గింది, ఇప్పుడు పాత లెక్కకు వచ్చింది. పొద్దున చీపురు పట్టగలుగుతున్నాను. ముగ్గు మాత్రం ఇంకా కూర్చునే వేస్తున్నాను, వంగి వేసే ధైర్యం రాలేదు.

డాక్టరమ్మ గారూ, మోచేతుల మీద లేచేటప్పుడు కుడివైపు కొంచెం పట్టేస్తోంది. ఆపేయాలా?

జవాబు: ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం

ఆపవద్దమ్మా. లేచే ఎత్తు సగానికి తగ్గించండి. దిగిన కొద్ది నిమిషాల్లో ఆ పట్టు పోతే భయం లేదు. కాలిలోకి దిగితే మాత్రం ఆపి, ఆ అమ్మాయికి చూపించండి.