అప్‌డేట్: ఉబుంటులో విండో పేరు ఖాళీగా నమోదవుతున్న సమస్య తీరింది

ఏ ప్రోగ్రాంలో ఎంతసేపు పనిచేశామో రాసిపెట్టే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నానని, మా విజయనగరం ఆఫీసు సిస్టంలో (ఉబుంటు 22.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) విండో పేరు ఖాళీగా వస్తోందని నెల కిందట అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

‘వేలాండ్ సెషనేమో చూడండి’ అన్న సలహాయే నిజమైంది. వేలాండ్ అంటే తెరపై విండోలను చూపించే కొత్త పద్ధతి; ఎక్స్11 పాతది. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే విండోయింగ్ సిస్టం పక్కన వేలాండ్ అనే ఉంది. అందులో ఒక ప్రోగ్రాంకి ఇంకో ప్రోగ్రాం విండోను చూడటం కుదరదు, భద్రత కోసం అలా కట్టారు. నా కోడేమో ఎక్స్11 పద్ధతిలో విండో పేరు అడుగుతోంది. కొన్ని పేర్లు మాత్రం ఎక్స్‌వేలాండ్ (ఎక్స్11 ప్రోగ్రాంలను వేలాండ్‌లో నడిపేది) ద్వారా వచ్చేస్తుండటంతో తికమకపడ్డాను.

లాగిన్‌లో పాస్‌వర్డ్ కొట్టేముందు, కింద కుడివైపు చక్రం గుర్తు నొక్కి ‘ఉబుంటు ఆన్ జోర్గ్’ (అంటే ఎక్స్11 సెషన్) ఎంచుకోగానే పేర్లన్నీ వచ్చాయి. వేలాండ్‌లోనే పనిచేసేలా ఇప్పుడు గ్నోమ్‌కి (ఉబుంటు డెస్క్‌టాప్‌కి) చిన్న ఎక్స్‌టెన్షన్ రాస్తున్నాను.

మిగతా సలహాల్లో వచ్చిన ఎస్‌క్యూలైట్ (డేటాబేస్) లాక్, ఫోల్డర్ పర్మిషన్లు, పైథాన్ రీఇన్‌స్టాల్ వీటికి ఈ సమస్యతో సంబంధమే లేదు.