స్లీవ్ కాయిలోవర్లకి ఏ షాక్స్ సెట్ అవుతాయి? (2000 సివిక్, డాలస్)

ఈకే_కొత్తోడు

అందరికీ నమస్తే. డాలస్‌లో ఉంటాను, ఈ మధ్య 2000 మోడల్ సివిక్ కూపే ఒకటి తీసుకున్నా. ఆఫీసుకి వేరే కారు ఉంది, ఇది సరదాకి, కుదిరితే ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైమ్ పెట్టి నడిపే పోటీ) తీసుకెళ్దామని. ముందు ఓనరు స్టాక్ స్ప్రింగులు (కంపెనీ నుంచి వచ్చినవి) తీసేసి స్లీవ్ టైపు కాయిలోవర్లు వేశాడు. అంటే మరలున్న అల్యూమినియం గొట్టం, దాని మీద తిప్పితే పైకీ కిందకీ జరిగే రింగు, ఒక పొట్టి స్ప్రింగు. షాక్స్ (షాక్ అబ్జార్బర్లు) మాత్రం మామూలు స్టాక్ రకమే, ఎప్పటివో కూడా తెలీదు. బండి స్టాక్ కన్నా రెండు ఇంచులు కిందకి ఉంది, చూడ్డానికి సూపర్‌గా ఉంది గానీ ఎల్‌బీజే ఫ్రీవే మీద కాంక్రీటు జాయింట్లు వచ్చినప్పుడల్లా ముందు భాగం ఎగిరెగిరి పడుతోంది, ఒక్కోసారి లోపల ధన్‌మని కొట్టుకుంటోంది. మా ఆవిడ ఒక్కసారి ఎక్కి, ఇంక నన్ను పిలవకు అనేసింది.

స్లీవ్‌లు ఉంచేసి షాక్స్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? కోనీ ఎల్లో, కేవైబీ, బిల్‌స్టీన్ అని చూస్తున్నా, ఏది తీసుకోవాలో అర్థం కావట్లేదు. రింగు తిప్పి స్ప్రింగుని ఇంకాస్త నొక్కితే గట్టిపడుతుంది, ఎగరడం తగ్గుతుంది అని తెలిసినతను ఒకడు చెప్పాడు, అది నిజమేనా?

హైవే75

ఆ స్లీవ్‌లు తీసి పక్కన పడేసి, షాకూ స్ప్రింగూ కలిపి వచ్చే పూర్తి కాయిలోవర్ సెట్ కొనుక్కో బ్రో. మ్యాచింగ్ గొడవంతా తయారుచేసినోళ్ళే చూసుకుంటారు, నీకు టెన్షన్ ఉండదు.

గరాజ్_మావయ్య

అన్ని సెట్లలోనూ చూసుకోరు, అదే తంటా. చవక సెట్లలో డ్యాంపింగ్ (స్ప్రింగు ఊపుని షాక్ ఆపే పట్టు) ఎంతో ఎక్కడా రాసి ఉండదు, గ్రాఫ్ అడిగితే ఇవ్వరు. మంచి షాక్ మీద మంచి స్లీవ్ వేస్తే అలాంటి సెట్ కన్నా చాలా బాగుంటుంది, గ్రౌండ్ కంట్రోల్ వాళ్ళు తమ స్లీవ్‌లని కోనీలతో కలిపి అమ్మేది ఊరికే కాదు.

ముందు రింగు సంగతి చెప్తా తమ్ముడూ. రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. చుట్లన్నీ సమానంగా ఉన్న స్ప్రింగు ఎక్కడ నొక్కినా ఒక్కో ఇంచు కుంగడానికి అంతే బరువు అడుగుతుంది. నీ బండి బరువు మారలేదు కాబట్టి చక్రాలు నేలమీద ఉన్నప్పుడు స్ప్రింగు ఎప్పుడూ అంతే కుంగి ఉంటుంది, రింగు పైకి జరిపితే బండి పైకి లేస్తుంది, అంతే. లేచాక ధన్‌మనడం తగ్గుతుంది, దాన్ని చూసి గట్టిపడింది అనుకుంటారు.

నీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఎగరడం డ్యాంపింగ్ చాలక, కొట్టుకోవడం షాక్‌కి లోపలికి వెళ్ళే చోటు చాలక.

ఎగరడం ముందు చూద్దాం. గట్టి స్ప్రింగు నొక్కుకున్నాక అంతే గట్టిగా తిరిగి తంతుంది, ఆ తన్నుని పట్టుకోవాల్సింది షాక్ సాగేటప్పుడు పనిచేసే డ్యాంపింగ్, రీబౌండ్ అంటారు. స్ప్రింగు రెట్టింపు గట్టిదైతే డ్యాంపింగ్ రెట్టింపు అక్కర్లేదు, వర్గమూలం లెక్కన 1.41 రెట్లు కావాలి. షాక్ మార్చకుండా వదిలేస్తే మొదట ఉన్న పట్టులో 71 శాతమే మిగులుతుంది. అదీ షాక్ కొత్తదైతే, నీవి ఎన్నేళ్ళవో దేవుడికెరుక. కేవైబీ అన్నావుగా, వాళ్ళ ఎక్సెల్-జీ మంచి షాకే గానీ అది స్టాక్ స్ప్రింగుకి సరిపడేలా చేసింది, దీని కింద పెడితే కొన్ని నెలలు బాగుండి మళ్ళీ ఇదే కథ. కోనీ ఎల్లో అయితే నాబ్ తిప్పి రీబౌండ్ ఒక్కటీ పెంచుకోవచ్చు, మనకి కావాల్సిందీ అదే. బిల్‌స్టీన్ కొంటే బీ6, బీ8 తేడా చూసుకో, బీ6 స్టాక్ ఎత్తుకి, బీ8 కిందకి దించిన బండికి, దాని బాడీ పొట్టి.

ఇంతకీ నీ స్ప్రింగులు ఎన్ని పౌండ్లవి? అది తెలీకుండా షాక్ కొంటే మళ్ళీ చీకట్లో బాణమే. స్ప్రింగు మీద ఏమైనా నంబరు ఉందేమో చూడు.

ఈకే_కొత్తోడు

థాంక్స్ మావయ్యా. చక్రం తీసి తుడిచి చూశా, ముందు స్ప్రింగు మీద ఐబాక్ అని, 0700.250.0400 అని ఉంది. వెనక వాటి మీద ఏమీ లేదు, పెయింటు ఊడిపోతోంది, వేరే రకం లాగా ఉన్నాయి.

గరాజ్_మావయ్య

ముందువి మంచి స్ప్రింగులే దొరికాయి నీకు. ఆ నంబరు అర్థం ఏడు ఇంచుల పొడవు, రెండున్నర ఇంచుల లోపలి వ్యాసం, ఇంచుకి 400 పౌండ్లు. జపాన్ లెక్కలో చెప్తే ఏడు కేజీ స్ప్రింగు కన్నా కొంచెం ఎక్కువ, ఎందుకంటే మిల్లీమీటరుకి ఒక కేజీ అంటే ఇంచుకి 56 పౌండ్లు.

ఇప్పుడు ఆ 400 చక్రం దగ్గర 400గా ఉండదు. నీ సివిక్‌కి ముందూ వెనకా డబుల్ విష్‌బోనే, అంటే చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి, షాకు కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఒక ఇంచు లేస్తే షాకు అంతకన్నా తక్కువే కదులుతుంది. ఆ నిష్పత్తి టేపు పెట్టి నువ్వే కొలుచుకో, లెక్క కోసం 0.7 అనుకుందాం. చక్రం దగ్గర గట్టిదనం 400ని 0.7తో రెండుసార్లు గుణించాలి, 196 పౌండ్లు వస్తుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఇది గట్టిదే గానీ పిచ్చి గట్టిది కాదు, కోనీ ఎల్లో దీన్ని హాయిగా పట్టుకుంటుంది.

చాలామంది వదిలేసేది ఇంకోటుంది, పొడవు. ముందు ఒక్కో మూల స్ప్రింగు మీద ఉండే బండి బరువు 290 కేజీలు అనుకుంటే, దాన్ని 0.7తో భాగిస్తే స్ప్రింగు మీద పడేది 414 కేజీలు, అంటే 913 పౌండ్లు, 400 పౌండ్ల స్ప్రింగు దానికి రెండుంపావు ఇంచుల పైచిలుకు కుంగుతుంది, 58 మిల్లీమీటర్లు. జాకీ పెట్టి ఎత్తినప్పుడు షాకు అంతకన్నా ఎక్కువ సాగితే స్ప్రింగు వదులై చేతికి ఆడుతుంది, గుంతలో చక్రం వేలాడినప్పుడు ఖాళీగా ఉండి, తిరిగి పడేటప్పుడు టక్కున కూర్చుంటుంది. అలా ఉంటే పైన పల్చటి హెల్పర్ స్ప్రింగు వేస్తారు, లేదా కాస్త పొడుగు స్ప్రింగు. కిందివైపు చూస్తే, బండి రెండు ఇంచులు దించావు కాబట్టి అదే 0.7 లెక్కన షాకు లోపలికి వెళ్ళే చోటులో 35 మిల్లీమీటర్లు ముందే తినేశావు, ఆ ధన్ శబ్దం బంప్ స్టాప్ (షాకు చివరిదాకా వెళ్ళకుండా ఆపే మెత్తటి అడ్డు) మీద పడటమే. ఒకటిన్నర ఇంచు దగ్గరికి తీసుకొచ్చేస్తే సగం గొడవ వదులుతుంది. ఇంకా చాలకపోతే పై మౌంట్ ఎత్తుగా ఉండేవి దొరుకుతాయి. బంప్ స్టాప్ పీకేస్తే చోటు వస్తుందని ఎవడైనా చెప్తే మాత్రం వినకు, అప్పుడు షాక్ అడుగు వాల్వే పగులుతుంది.

షాకు రాడ్‌కి ఒక జిప్ టై బిగుతుగా కట్టి రోజూ తిరిగే రోడ్డు మీద తిప్పుకురా, అది ఎక్కడిదాకా నెట్టుకుపోయిందో చూస్తే ఎంత చోటు మిగిలిందో నీకే తెలుస్తుంది.

వెనక స్ప్రింగులు మార్చెయ్, నంబరు లేని స్ప్రింగుకి షాక్ చెప్పడం ఎవరి తరమూ కాదు. తీగ మందం, చుట్లు కొలిచి లెక్క కట్టొచ్చు గానీ మందం నాలుగో ఘాతంలో పనిచేస్తుంది, పది శాతం తేడా కొలిస్తే గట్టిదనం 46 శాతం తేడా వచ్చేస్తుంది. ఆ పెయింటు కింద కొలవడం దండగ.

స్విఫ్ట్_కూకట్‌పల్లి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్‌లో నాది స్విఫ్ట్, ఇలాంటి స్లీవ్‌లే ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి, నా షాక్స్ కొత్తవే, వేయించొచ్చా?

గరాజ్_మావయ్య

వద్దు బాబూ. నీ బండికి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకూ స్ప్రింగూ ఒకే ముక్కగా ఉండే రకం), స్ప్రింగు కూర్చునే పళ్ళెం షాక్ బాడీకే వెల్డింగు చేసి ఉంటుంది. స్లీవ్ దూర్చాలంటే దాన్ని కోసేయాలి, కోసిన స్ట్రట్ మీద నేనైతే పిల్లల్ని ఎక్కించను. వెనక స్ప్రింగు వేరు, షాకు వేరు, అక్కడ స్లీవ్‌కి చోటే లేదు. పైగా ఆర్‌సీలో ఉన్న స్పెసిఫికేషన్‌కి తేడాగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, అది కూడా చూసుకో.

హైవే75

సరే మావయ్యా, నా సలహా వెనక్కి తీసుకోను గానీ నీ లెక్క బాగుంది 😀 సివిక్ బ్రో, నువ్వు కోనీ కొంటే స్లీవ్ లోపలి వ్యాసం చూసుకో. షాక్ బాడీలు అన్నీ ఒకే లావు ఉండవు, వదులైతే గొట్టం కటకటమంటుంది, ఓ-రింగు వేసి పట్టిస్తారు.

ఈకే_కొత్తోడు

నాలుగూ కోనీ ఎల్లో ఫిక్స్, వెనక్కి కొత్త స్ప్రింగులు కూడా. ఇక్కడొకతను వాడిన కోనీలు సగం ధరకి ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

గరాజ్_మావయ్య

వాడినవి అయితే చేతిలో పట్టుకుని చూశాకే డబ్బు ఇవ్వు. రాడ్ చుట్టూ నూనె తడి ఉండకూడదు, నొక్కినా లాగినా ఎక్కడా టక్కున జారకూడదు, నాబ్ చివరి నుంచి చివరిదాకా తిరగాలి, తిప్పాక లాగితే తేడా చేతికి తెలియాలి. స్ప్రింగు పళ్ళెం కింద కూర్చునే సర్‌క్లిప్ (గాడిలో పట్టే స్టీలు రింగు), దాని గాడి తుప్పు పట్టి తినేసి ఉంటే వదిలెయ్, స్లీవ్ బరువంతా దాని మీదే. ఆ గాళ్ళు ఒకటికన్నా ఎక్కువ ఉంటాయి, అన్ని షాకులకీ ఏ గాడిలో పెట్టావో గుర్తుంచుకో, ఒక పక్క ఒకటి ఇంకో పక్క ఇంకోటి పెట్టి బండి ఒరిగిందని రింగులు తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళు ఉన్నారు.

బిగించేటప్పుడు ఆర్మ్ బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా ఫుల్ టైట్ చెయ్యకు. చక్రాల మీద బరువు పడ్డాక బిగించు, లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. ఎత్తు సెట్ చేశాకే అలైన్‌మెంట్, ముందు చేయిస్తే మళ్ళీ డబ్బు దండగ. కిందకి దిగిన సివిక్‌కి క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) గురించి భయపడతారు గానీ టైర్లు తినేది ఎక్కువగా టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం). నాబ్ పూర్తి మెత్తగా మొదలుపెట్టి పావు తిప్పు చొప్పున పెంచు, జాయింటు దాటాక రెండో ఊపు ఆగిపోయిన చోట ఆపెయ్. అక్కడితో ఆగకుండా ఇంకా బిగిస్తే వరసగా గుంతలొచ్చినప్పుడు షాకు తిరిగి సాగే టైమ్ దొరక్క బండి మెల్లగా కిందకి దిగిపోతుంది, మళ్ళీ ధన్ మొదలవుతుంది.