సమస్యాపూరణం: కొండ యెక్కి చూడ కోట లేదు

నిర్వాహకుడు: ఇచ్చిన పాదాన్ని కలుపుకుని పద్యం పూర్తి చేయాలి. ఈసారి సమస్య ఆటవెలదిలో. రెండో పాదంగానైనా నాలుగో పాదంగానైనా వాడుకోవచ్చు. మనలో చాలామంది మన నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గం ఎక్కినవాళ్లే కాబట్టి దాని మీదే రాయండి.

కావలి మాస్టారు:
రాళ్ళు రాలిపోయె రాయలేలిన చోట
గోడ మీద మొలిచె గుబురు చెట్లు
పేరు మిగిలె గాని పెంపెల్ల పోయెను
కొండ యెక్కి చూడ కోట లేదు

నిర్వాహకుడు: మాస్టారూ, రెండో పాదం కళ్లతో చూసి రాసింది, బాగుంది. కానీ గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి కదండీ. సమస్యలోని చిక్కు విప్పకుండా ఒప్పేసుకున్నారు.

కనిగిరి తమ్ముడు:
కోటలెన్నొ తిరిగి కొలిచి చూసితి నేను
కొండ యెక్కి చూడ కోట లేదు
సాటి యుదయగిరికి సత్యమ్ము పలికితి
సింహపురికి నదియె సిగను పూవు

నిర్వాహకుడు: 'లేదు'ను కింది పాదంలోని 'సాటి'తో కలిపావు, చక్కటి విరుపు. చివరి పాదంలో సింహపురి, అంటే నెల్లూరు, పేరు తీస్తే అది ఏ ఊరికైనా అతికేస్తుంది తమ్ముడూ.

ఆత్మకూరు అక్క: ఉదయగిరి బాలకృష్ణుడి విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉండి అంటున్నట్టు రాశాను.
రాయ లెత్తి తెచ్చె రాజధానికి నన్ను
చెన్నపురికి నేడు వచ్చినాను
గదిని నిలిచియున్న గలదేమి నాకింక
కొండ యెక్కి చూడ కోట లేదు

కావలి మాస్టారు: అమ్మా, 'ఎత్తి తెచ్చె' అంటే దోచుకెళ్లినట్టు లేదూ? కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో ఒడిశా రాజులైన గజపతుల నుంచి దుర్గం గెలిచాడు, నిజమే. కానీ ఆ విగ్రహానికి హంపిలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు.

ఆత్మకూరు అక్క: పసివాడు కదా మాస్టారూ, చంకనెత్తుకుని తెచ్చాడనే నా భావం.

కావలి మాస్టారు: అలా అయితే ఆ మాట అక్కడే ఉండాలి. మార్చకండి.

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం, తప్పింది అక్కా. 'చె'కి 'వ' కుదరదు, బదులుగా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. 'చెన్నపురిని నేడు చేరినాను' అంటే సరిపోతుంది. ఈసారి మొదటి స్థానం మీ పద్యానికే. కొండెక్కిన మనకు కృష్ణుడు కనపడడు, మ్యూజియంలో ఉన్న కృష్ణుడికి కొండ కనపడదు. ఈ లోటు మీరు చెప్పాకే నాకు తట్టింది. కొండ కింద ఓ చిన్న గది కట్టి, ఆ విగ్రహం ఫొటో, దాని కథ పెడితే బాగుండును. ఎక్కే పిల్లలకు తెలుస్తుంది.

వచ్చే సమస్య: 'పెన్న యెండినపుడె పెరిగె నీరు'. ఇదీ ఆటవెలదే.